సంబోధనే ఆయుధం: ‘బండెనక బండి కట్టి’ – ఒక పరిశీలన

ఉద్యమగేయాన్ని వస్తువు ఆధారంగా మాత్రమే అంచనా వేస్తే, అది తరాలను దాటి ఎలా నిలిచిందన్న ప్రశ్నకు సమాధానం దొరకదు. వెట్టి, భూమి, దొరతనం ఎన్నో పాటలకు వస్తువులయ్యాయి. వాటిలో కొన్నే మిగిలాయి. పాట ఎవరిని ఉద్దేశించి పలుకుతున్నదన్న అంశం ఈ మన్నికకు ఒక ప్రధాన కారణమని బండి యాదగిరి రచన ‘బండెనక బండి కట్టి’ సూచిస్తుంది.

తెలంగాణ సాయుధ పోరాట కాలంలో (1946–51) వెలువడిన ఈ పాట నిజాం ప్రభుత్వాన్ని మధ్యమ పురుషలో, ఏకవచనంలో నిలదీస్తుంది. ‘నీ బాంచన్, కాల్మొక్త’ అనడానికి అలవాటుపడిన సమాజంలో క్రియాపదం నుంచి గౌరవార్థకాన్ని తొలగించడమే ధిక్కారం. చరణం ఏ విషయం చెప్పినా, పల్లవికి తిరిగి రాగానే అది పాలకుణ్ణి అడిగే ప్రశ్నగా మారుతుంది. వంత పాడే బృందంతో గొంతు కలిపిన శ్రోత కూడా ప్రశ్నించేవాడవుతాడు.

గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నరసింగరావు నిర్మించిన ‘మా భూమి’ చిత్రంలో గద్దర్ తెరపై ఈ పాటను ఆలపించే నాటికి నిజాం పాలన ముగిసి మూడు దశాబ్దాలు గడిచాయి. అయినా పాట గతకాలపు జ్ఞాపకంగా మిగిలిపోలేదు. సంబోధితుడి స్థానంలో తమ కాలపు అధికారాన్ని ఊహించుకునే అవకాశం కొత్త శ్రోతలకు లభించింది. 1972లో మొదలైన జననాట్యమండలి నేపథ్యం గల ఆ గొంతు ఈ అన్వయాన్ని సులభతరం చేసింది. దానికి మూల్యమూ ఉంది: చాలామందికి ఇది గద్దర్ పాటగానే తెలుసు. మౌఖిక ప్రసారం పాటను కాపాడుతూనే కర్తను మరుగున పడవేస్తుంది.

ప్రత్యేక రాష్ట్రోద్యమం నాటి అందెశ్రీ గేయం ‘జయ జయహే తెలంగాణ’తో పోలిస్తే ఈ లక్షణం మరింత స్పష్టమవుతుంది. అక్కడ సంబోధన తల్లికి, స్వరం కీర్తనది. 2024లో అది రాష్ట్రగీతమైంది. కీర్తనను ఏ ప్రభుత్వమైనా తనదిగా చేసుకోగలదు. పాలకుణ్ణి నిలదీసే పాటను అంత సులభంగా స్వీకరించలేదు.

అయితే యాదగిరి పాటకూ ఒక ప్రమాదం పొంచి ఉంది. సంబోధితుణ్ణి చరిత్రలోని నిజాంకే పరిమితం చేస్తే, నేటి పాలకుల సభల్లోనూ అది నిరపాయంగా వినిపిస్తుంది. అందువల్ల ఉద్యమగేయ పరిశోధన పాఠ సేకరణతో ఆగకూడదు. ఏ సభలో, ఎవరి ఎదుట, ఎవరు పాడారన్న ప్రదర్శన సందర్భాన్ని కూడా నమోదు చేయాలి. పాటలోని ధిక్కారం ఎంత మిగిలి ఉందో తేల్చగలిగేది ఆ సందర్భమే.