గ్యాస్ అనే ముందు

"గుండె పట్టేసినట్టుంటంది బాబూ, లేస్తే కళ్లు తిరిగిపోతన్నాయి." శ్రీకాకుళం జిల్లాలో ఓపీ చూసే ఏ డాక్టరుకూ ఈ మాట కొత్త కాదు. చెప్పే మనిషికి పాతికేళ్లే అయితే, నేను నోరు విప్పకముందే వెంట వచ్చినవాళ్లు గ్యాస్ అని తేల్చేస్తారు. చాలాసార్లు అది నిజమే కావచ్చు. అయినా గ్యాస్ అనేది అన్నీ అడిగాక చివర అనాల్సిన మాటే.

వైద్యంలో అడగడమే పెద్ద విద్య. నొప్పెక్కడంటే కొందరు వేలితో ఒకేచోట చూపిస్తారు. అక్కడ నొక్కితే "అబ్బా" అంటారు. అది ఎక్కువగా పక్కటెముకల దగ్గరి కండరాలదో, మృదులాస్థిదో అయి ఉంటుంది. ఇంకొందరు అరచేయి మొత్తం ఛాతీ మీద ఆనించి, బరువుగా ఉందంటారు. అప్పుడు వయసు చూడను, ఈసీజీ తీయిస్తాను. నడిస్తే ఎక్కువవుతోందా? దడ వచ్చి పడిపోయారా? ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా? చిన్నప్పుడు కీళ్లవాపులతో జ్వరం వచ్చిందా? అది రుమాటిక్ జ్వరమైతే గుండె కవాటం పాడై, ఆ సంగతి ఇరవైల్లో ఆయాసంగా బయటపడవచ్చు.

తర్వాత కంటి కింది రెప్ప చూస్తాను. మనిషిని వెలుతురు వైపు తిప్పి, బొటనవేలితో రెప్ప కిందికి లాగితే లోపల ఎర్రగా ఉండాలి. పాలిపోయి ఉంటే రక్తం పరీక్ష చేయించాల్సిందే. హిమోగ్లోబిన్ మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత. సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చినవారైతే సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు సంగతీ చూడాలి. ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు వారైతే కిడ్నీ జబ్బూ ఉండవచ్చు కాబట్టి ఐరన్ మాత్రలిచ్చి పంపేస్తే సరిపోదు. రక్తకణాల తయారీకి కావాల్సిన ఎరిత్రోపొయిటిన్ హార్మోన్ ముఖ్యంగా మూత్రపిండాల్లోనే పుడుతుంది. అవి దెబ్బతింటే రక్తమూ తగ్గుతుంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. కానీ ఉద్దానం కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. అందుకే ఆ ప్రాంతపు యువకులకు క్రియాటినిన్, మూత్ర పరీక్ష తప్పనిసరిగా రాస్తాను.

ఎండలో సెంట్రింగ్ పని చేసేవారికి, జీడి ఫ్యాక్టరీలో వేడి దగ్గర నిలబడేవారికి పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడాలి. నిలబడ్డ మూడు నిమిషాల్లోపు పై అంకె 20 పడిపోతే నీళ్లు, ఉప్పు తగ్గాయేమో ఆలోచించాలి.

ఇవన్నీ చూశాకే మనసు సంగతి. భయం కమ్మినప్పుడు ఊపిరి వేగం పెరిగి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. దాంతో పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. పోటీ పరీక్షలకు చదివే పిల్లల్లో ఇది చూస్తుంటాం. ఆ బాధ నటన కాదు, దానికి చికిత్స ఉంది. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పోసినా, స్పృహ తప్పినా, ఒక పక్క ఛాతీలో ఉన్నట్టుండి పోటొచ్చి ఊపిరాడకపోయినా ఆలస్యం చేయకుండా 108ని పిలవండి. మిగతావారు డాక్టరు దగ్గరికి వచ్చినప్పుడు చేసే పని, తినే తిండి, వాడే మందులు, పట్టని నిద్ర అన్నీ చెప్పండి. డాక్టరు అడగకపోయినా చెప్పండి. విని తీరాల్సిన బాధ్యత మాది.