బీడు వేరు, బంజరు వేరు

హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం సహకారంతో కేంద్ర భూవనరుల శాఖ 2019లో ప్రకటించిన ‘వేస్ట్‌లాండ్స్ అట్లాస్ ఆఫ్ ఇండియా’ భూగోళశాస్త్ర ఉపాధ్యాయులు తప్పక చూడదగిన గ్రంథం. 2015-16 నాటికి దేశంలో 5.576 కోట్ల హెక్టార్లు, అనగా మొత్తం విస్తీర్ణంలో దాదాపు 17 శాతం, బంజరు అని ఇందులో లెక్క తేల్చారు. ఉపగ్రహ చిత్రాలను జిల్లాల వారీగా విడదీసి చూపిన శ్రమ కొనియాడదగినదే.

నా ఆక్షేపణ పటాలపై కాదు, వాటికి పెట్టిన పేరుపై. చవిటినేల, గండ్లుపడిన నేల, పలుచని పొదలుగల నేల, ఇవన్నీ ఒకే గంపలోకి చేరాయి. మొదటి రెండూ చెడిన నేలలే. మూడవది చాలాచోట్ల చెడినది కాదు, దాని సహజస్థితే అది. పచ్చని ఆకు పరారుణ కిరణాలను బాగా ప్రతిఫలింపజేస్తుంది. వేసవిలో ఎండిన గడ్డికి ఆ గుర్తు ఉండదు. కనుక వేళ్ళు బ్రతికే ఉన్న బీడు కూడా పైనుండి మోడునేలకు దగ్గరగా కనిపిస్తుంది.

మన నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడునే చూడండి. బట్టమేక పక్షి కోసం 1988లో 614 హెక్టార్లను అభయారణ్యం చేశారు. (అరణ్యమన్న మాటే గాని, అక్కడ ఉన్నది ముఖ్యంగా గడ్డి!) అక్కడ పెరిగే కృష్ణజింక, మన దేశపు అసలైన గజెల్ అయిన చింకారాకు దగ్గరి చుట్టం. మంగోలియా స్టెప్పీ గజెల్‌ది కూడా ఈ వంశమే. దుప్పి కొమ్ములు ఏటా రాలి మళ్ళీ మొలుస్తాయి. కృష్ణజింక కొమ్ములు రాలవు. రెంటినీ ‘జింక’ అనే ఒక్క మాటతో సరిపెట్టడం వల్ల విద్యార్థులు తికమకపడుతున్నారు.

కృష్ణజింకకు రక్షణ దాని కన్నూ, కాలూ. శత్రువును దూరాన్నే చూసి, గంటకు సుమారు 80 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. దట్టమైన పొదల్లో ఈ రెండూ పనిచేయవు. బంజరును పచ్చగా చేస్తామని సర్కారుతుమ్మ నాటితే దాని ఇల్లు కూల్చినట్లే.

రైతు మొర కూడా వినవలసినదే. రక్షణ దొరికాక రోళ్ళపాడులో కృష్ణజింకలు పెరిగి పంటలపై పడ్డాయి. నీటిపారుదల వచ్చి చుట్టుపట్ల బీళ్ళు సాగులోకి పోయాయి. బట్టమేక కనబడటమే అరుదైపోయింది. మందకు కావలసిన నేల 614 హెక్టార్ల హద్దులో ఇమిడేది కాదు. మంగోలియాలో రైలుదారి కంచెలు గజెల్ మందల రాకపోకలను అడ్డగించిన సంగతీ ఇటువంటిదే.

గని-శకునాల వద్ద 2017లో 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం సుమారు 2,400 హెక్టార్లలో పూర్తయింది. విద్యుత్తు మనకు అవసరమే. కాని ఒక నేలను ముందే బంజరు అని వ్రాసిపెడితే, అక్కడ ఏ జీవులున్నాయన్న ప్రశ్న అడగవలసిన అగత్యమే కలగదు. రాబోయే సంపుటంలో ‘సహజ పచ్చికబయలు’ను బంజరు నుండి వేరుచేసి చూపాలి.

ఈలోగా కొత్తపల్లె, ఆళ్ళగడ్డ ప్రాంతాల ఉపాధ్యాయులు విద్యార్థులను దగ్గరి బీటికి తీసుకొనిపోవచ్చు. ఒక చదరపు మీటరు కొలిచి, తొలకరికి ముందు ఒకసారి, నెల తరువాత మరొకసారి, అందులోని మొక్కజాతులను లెక్కించనీయండి. ఆ రెండు అంకెలను అట్లాసులోని రంగు ప్రక్కన పెట్టి చూడమనండి.