చింతపులుసు, సీసా యాసిడ్

చంపాపేట్ కిరాణా కొట్లలో చింతపండు, బాత్రూం కడిగే యాసిడ్ సీసా ఒకే బిల్లులో పడతాయి. రెండూ ఆమ్లాలే. సీసాలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, చాలా బ్రాండ్లలో సుమారు 10 శాతం. చింతపండులోది టార్టారిక్ ఆమ్లం. ఘాటును బట్టి మార్కులేస్తే సీసాయే ఫస్ట్. హైడ్రోక్లోరిక్ ఆమ్లం నీళ్లలో పూర్తిగా విడిపోయి హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. టార్టారిక్ అణువుల్లో, లీటరుకు 0.1 మోల్ గాఢత దగ్గర, పదింట ఒకటే అలా విడిపోతుంది. అందుకే అదే గాఢతలో మొదటిదాని పీహెచ్ 1 అయితే రెండోదానిది 2 దగ్గర. ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు.

పూజగదిలోని ఇత్తడి చెంబు దగ్గర ఈ ర్యాంకు తిరగబడుతుంది. చింతపులుసు పైపై రాగి ఆక్సైడు మకిలిని కరిగించి, ఆ రాగి అయాన్లను పట్టుకుని కడుగునీళ్లతో పోతుంది. లోహం జోలికి పెద్దగా వెళ్లదు. సీసా యాసిడ్‌కు ఆ విచక్షణ లేదు. ఇత్తడిలో రాగితోపాటు ఉన్న జింకును తినేసి ఎర్రటి మచ్చలు మిగులుస్తుంది. మన అమ్మమ్మలు చింతపండుతో తోమింది యాసిడ్ దొరక్క కాదు!

అలాగని చింతపండును ఆకాశానికెత్తను. బోరు నీళ్లకు కమోడ్‌లో కట్టే తెల్లపొరలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. అక్కడ చింతపులుసు తేలిపోతుంది, ఎందుకంటే కాల్షియం టార్టరేట్ నీళ్లలో సరిగా కరగదు. హైడ్రోక్లోరిక్‌తో ఏర్పడే కాల్షియం క్లోరైడ్ ఇట్టే కరుగుతుంది, కార్బన్ డయాక్సైడ్ నురగగా పొంగిపోతుంది. మెరిసే పూత ఉన్న కుళాయిలకు మాత్రం సీసా వద్దు, పలచని వెనిగర్ చాలు.

నేల మీద రెండూ ఫెయిలే. పాత ఇళ్లలో పరిచిన షాబాద్, తాండూరు బండలు సున్నపురాయి. తెల్లపొరను కరిగించిన చర్యే బండనూ తింటుంది. పులుసు ఒలికితే మెరుపు పోతుంది, సీసా ఒలికితే బండే గరుకెక్కుతుంది. అపార్ట్‌మెంట్ల గ్రానైట్ ప్రధానంగా సిలికేట్ల రాయి కనుక చాలావరకు తట్టుకుంటుంది.

బ్లీచింగ్ పౌడర్‌ది క్షార గుణం కదా, యాసిడ్‌ను చల్లారుస్తుందని కొందరి లెక్క. వంటసోడా ఆ పని చేస్తుంది, బ్లీచింగ్ చెయ్యదు. యాసిడ్‌తో కలిస్తే అది క్లోరిన్ వాయువును వదులుతుంది. గాలి ఆడని బాత్రూంలో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇత్తడికి చింతపండు, కమోడ్‌కు సీసా, ఇదే నా తీర్పు. సీసా పోసిన చోట బ్లీచింగ్ డబ్బా మూత మాత్రం తియ్యకండి.