పేరు ఎవరి వాక్యం?

పిల్లల పేర్ల పుస్తకాల్లో 'ఆఫ్రికా పేర్లు' అని ఒక విభాగం ఉంటుంది. ఎడమవైపు పేరు, కుడివైపు అర్థం. న్గోజి అంటే దీవెన, న్కిరుక అంటే ముందున్నదే గొప్పది, అమ అంటే శనివారం పుట్టిన అమ్మాయి. యాభైకి పైగా దేశాలు, వందలాది భాషలు ఆ రెండు వరుసల్లో ఇమిడిపోతాయి. ఆఫ్రికన్ నవలలు చదివేటప్పుడు, పాఠం చెప్పేటప్పుడు మనమూ ఇంచుమించు ఇదే చేస్తాం. పాత్ర పేరుకి అడుగున ఒక అర్థం రాసి ముందుకు వెళ్ళిపోతాం. కానీ నైజీరియాలోని ఇగ్బో వాళ్ళ పేర్లలో చాలా భాగం పూర్తి వాక్యాలు. వాక్యమన్నాక దాన్ని ఎవరో ఒకరు, ఎవరినో ఉద్దేశించి అని ఉండాలి. ఆడపిల్ల పేరు దగ్గర మనం ఆగి అడగవలసింది అదే: ఈ వాక్యం ఎవరిది?

చినువా అచెబె 'థింగ్స్ ఫాల్ అపార్ట్' (1958)లో న్నెక అనే పేరు గురించి ఒక చర్చ ఉంది. 'తల్లే సర్వోన్నతం' అని దాని అర్థం. పెత్తనమంతా మగవాడిదైనప్పుడు ఆడపిల్లలకి ఈ పేరెందుకు పెడతారని ముసలి ఉచెండు అడుగుతాడు. కష్టం వచ్చినప్పుడు మనిషికి తల్లి ఊరే దిక్కు కనుక అని జవాబూ తనే చెప్తాడు. వింటున్నది ఊరి నుంచి వెలి అయి వచ్చిన ఒకొంకో. పేరు ఆడపిల్లది, ఓదార్పు మగవాడికి. తల్లి గొప్పతనమంతా దెబ్బ తిని వచ్చిన కొడుక్కి ఆశ్రయమివ్వడంలోనే తేలింది.

అదే నవలలో ఎక్వెఫి పదిమందిని కని తొమ్మిదిమందిని పోగొట్టుకుంది. ఆమె పెట్టిన పేర్లు వేరే తీరువి. ఒక బిడ్డ ఒన్వుంబికొ - మృత్యువా, నిన్ను వేడుకుంటున్నాను. తర్వాత పుట్టిన ఆడపిల్ల ఒజొయెమెన - మళ్ళీ ఇలా జరగకూడదు. తర్వాత కొన్నాళ్ళకి ఇంకో బిడ్డ ఒన్వుమ - మృత్యువు ఇష్టం. వరుసగా చదివితే ఒక తల్లి బతిమాలి, భయపడి, చివరికి ఎదురుతిరిగిన కథ. చావుని ఏమార్చడానికి బిడ్డని పెంట మీద పెట్టి తీసి 'పెంటమ్మ' అని పిలుచుకున్న మన తల్లుల భయం ఇక్కడ వినిపిస్తుంది. బిడ్డ పేరుతో తల్లి మృత్యువుతో మాట్లాడుతోంది. అలాంటి వాక్యానికి పక్కన ఒక మాట అర్థం రాసి సరిపెట్టలేం.

బూచి ఎమెచెటా 'ద జాయ్స్ ఆఫ్ మదర్‌హుడ్' (1979) ఈ ప్రశ్నని నవల పొడుగునా మోస్తుంది. నాయిక పేరు న్ను ఎగో, అంటే ఇరవై సంచుల గవ్వలు. 'చిల్లిగవ్వ' అనే మాట అలవాటైన మన చెవికి ఇది హీనంగా వినిపించవచ్చు. అక్కడ గవ్వలు ఒకప్పుడు డబ్బు. ఇరవై సంచుల గవ్వలకన్నా విలువైనదని మురిసిపోయి తండ్రి అగ్బాడి పెట్టిన పేరది. ఆ మురిపెం నిజమైనదే. కాని ప్రేమకి దొరికిన కొలత మాత్రం డబ్బు. పైగా ఈ బిడ్డ పుట్టకముందే ఒక ఒప్పందం ఉంది. మగపిల్లాడైతే తల్లి ఒనా పుట్టింటికి, ఆడపిల్లైతే అగ్బాడికి. ఒనా అన్నా అమూల్యమైన ఆభరణమనే. అదీ అగ్బాడి పెట్టిందే. ఈ పిల్లకి తనదంటూ ఒక బతుకు ఉండనిమ్మని చనిపోతూ ఒనా కోరింది. ఆ కోరిక మాత్రం పేరులోకి ఎక్కలేదు.

న్ను ఎగో జీవితమంతా ఆ పేరులోని లెక్కతోనే నడుస్తుంది. మొదటి పెళ్ళిలో పిల్లలు కలగక విలువ పోగొట్టుకుంటుంది. లాగోస్‌లో రెండో భర్త దగ్గర బిడ్డ మీద బిడ్డని కని, కట్టెలు అమ్మి కొడుకుల్ని చదివిస్తుంది. చివరికి ఎవరూ దగ్గర లేకుండా దారి పక్కన చనిపోతుంది. ఎమెచెటా ఇంకొక పని కూడా చేసింది. న్ను ఎగో ఆత్మతో ముడిపడిన 'చి' ఒక బానిస స్త్రీ. అగ్బాడి పెద్దభార్యతో పాటు సమాధిలోకి బలవంతాన తోసి చంపినది ఆమెనే. ఆమెకి నవలలో పేరే లేదు. ధర చెప్పే పేరున్న ఆడపిల్ల వెనక, నిజంగా బానిసైన ఒక పేరు లేని స్త్రీ ఉంది. న్ను ఎగో అర్థం చెప్పి ఈమెని వదిలేస్తే నవలలో సగం చదవనట్టే.

తమ పేరుని తామే తిరగరాసుకున్న రచయిత్రులూ ఉన్నారు. ఘనాకు చెందిన అమ అటా ఐడూ మొదట్లో క్రిస్టినా అనే పేరుతో కలిపి ప్రచురించింది. తర్వాత ఆ క్రైస్తవ నామాన్ని వదిలేసింది. మిగిలిన 'అమ' శనివారం పుట్టిందని మాత్రమే చెప్తుంది. అందులో ధర లేదు, ఆశీర్వాదం లేదు, ఆడపిల్ల ఎలా ఉండాలన్న ఆజ్ఞా లేదు. జింబాబ్వేలో ఎలిజబెత్ జాండిలె ట్షెలెగా పుట్టిన రచయిత్రి నోవయొలెట్ బులవాయో అని పేరు మార్చుకుంది. న్డెబెలెలో 'నో' అంటే 'తోడుగా'. వయొలెట్ ఆమె పసితనంలోనే చనిపోయిన తల్లి, బులవాయో ఆమె నగరం. 'వి నీడ్ న్యూ నేమ్స్' (2013) అట్ట మీద ఆ పేరు చూసినప్పుడల్లా నాకు ఒనా గుర్తొస్తుంది. తల్లి మాట కూతురి పేరులోకి ఎక్కని చోట నుంచి, కూతురే తల్లిని తన పేరులోకి తెచ్చుకున్న చోటుకి వచ్చాం.

రేపు ఈ నవలల్ని తెలుగులోకి తెచ్చేవాళ్ళు పేర్లని అనువదించాలా వద్దా అని తప్పక తర్జనభర్జన పడతారు. పేరుని అలాగే ఉంచమంటాను. అర్థంతో పాటు అది ఎవరన్నారో, ఎవరు వినాలని అన్నారో కూడా చెప్పమంటాను. అప్పుడే న్ను ఎగోకి కట్టిన ధర మన పాఠకురాలికి తెలుస్తుంది.