బట్టను తిరగేసి చూసే కన్ను

నేతపని తెలిసినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. చేతికి ఏ గుడ్డ అందినా ముందు తిరగేసి చూస్తారు. పోగు ఎక్కడ తెగింది, ఎట్లా అతికారు, అంచు ఎంత బిగువుగా ఉంది అన్నది వెనక వైపే తెలుస్తుంది. సూరత్‌లోని మా నవాగామ్‌లో ఈ అలవాటు పిల్లలకు కూడా వస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల్లో గుంట మగ్గాలు విడిచి వచ్చిన పద్మశాలీలు నవాగామ్, లింబాయత్, డిండోలీ వాడల్లో స్థిరపడి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నారు. నాడె పట్టిన చేతులే ఇక్కడ స్విచ్చి నొక్కుతున్నాయి. పాత ఊళ్లు చూడబోయినప్పుడు కూడా ఈ అలవాటును వెంట తీసుకెళ్లాలని కైరో వెళ్లాక నాకు గట్టిగా తోచింది.

కైరో వెళితే పిరమిడ్లు చూడాల్సిందే. కానీ నేను ఎక్కువసేపు గడిపింది పాత కైరోలోని ఫుస్తాత్‌లో, బాబ్ జువైలా ద్వారం దాటాక వచ్చే ఖయామియా వీధిలో.

ఫుస్తాత్ ఇప్పటి కైరో కన్నా పాతది. కైరో 969లో వెలిసింది. అంతకు మూడు వందల ఏళ్ల ముందే, 641లో, అరబ్బు సేనాని అమ్ర్ ఇబ్న్ అల్ ఆస్ నైలు ఒడ్డున ఫుస్తాత్‌కు పునాది వేశాడు. ఆయన పేరిట ఉన్న మసీదులో ఇప్పటికీ నమాజు జరుగుతుంది. 1168లో క్రూసేడర్లు దండెత్తి వస్తుంటే, ఊరు వాళ్ల చేతికి చిక్కకూడదని వజీరు షావర్ దానికి నిప్పు పెట్టించాడని చెబుతారు. తరవాతి కాలంలో అందులో చాలా భాగం చెత్తదిబ్బలుగా మారింది. వాన అరుదైన ఆ పొడి నేలలో, జనం పారేసిన గుడ్డపేలికలు వందల ఏళ్లు చివికిపోకుండా నిలిచాయి.

ఆ పేలికల్లో మన గుజరాత్ బట్ట ఉంది. చెక్క అచ్చులతో అద్దిన నూలు గుడ్డ, నీలిమందు నీలం, వేరు రంగు ఎరుపు, బారులు తీరిన హంసలు, తామరలు. ఈజిప్టులో పెర్సీ న్యూబెరీ అనే పరిశోధకుడు సేకరించిన దాదాపు 1200 ముక్కలు ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉన్నాయి. కార్బన్ పరీక్షల్లో కొన్ని వెయ్యేళ్ల నాటివని తేలింది. నన్ను బాగా పట్టి నిలిపిన సంగతి మరొకటి ఉంది. వాటిలో చాలా వరకు రాజుల బట్టలు కావు. ముతక నూలు. కొన్నిటి మీద కుట్లు, అతుకులు కనిపిస్తాయి. ఎవరో కట్టుకుని, చిరిగితే కుట్టుకుని, ఇక పనికిరాదనుకున్నాక పారేశారు. గుజరాత్‌లో అద్దకం వేసినవాడి పని, సముద్రం దాటి, నైలు ఒడ్డున ఒక మామూలు ఇంట్లో అరిగిపోయేదాకా నడిచింది.

ఆ దిబ్బలకు దగ్గరలోనే బెన్ ఎజ్రా అనే పాత యూదుల ప్రార్థనాలయం ఉంది. అందులో ఒక గదిలో వందల ఏళ్లుగా దాచిన కాగితాలను 19వ శతాబ్దం చివర వెలికితీశారు. వాటిలో మన పడమటి తీరంతో వ్యాపారం చేసినవాళ్ల ఉత్తరాలు ఉన్నాయి. ట్యునీషియా తీరంలోని మహ్దియా నుంచి వచ్చిన అబ్రహాం బెన్ యిజూ అనే వర్తకుడు 12వ శతాబ్దంలో ఏళ్ల తరబడి మంగళూరులో కాపురం ఉన్నాడు. ఇవన్నీ మనసులో పెట్టుకుని నడిస్తే ఫుస్తాత్ పరాయి నేలలా తోచదు. సరుకు దిగిన రేవులా కనిపిస్తుంది.

ఖయామియా వీధిలో గుడ్డ మీద చేతిపని ఇంకా ప్రాణంతో ఉంది. 1092లో కట్టిన బాబ్ జువైలా ద్వారం దాటి దక్షిణానికి నడిస్తే పైకప్పు వేసిన బజారు వస్తుంది. డేరాలకు, పందిళ్లకు లోపలి వైపు వేసే రంగురంగుల గుడ్డ ఇక్కడ కుడతారు. అడుగున మందపాటి కాన్వాసు, దాని మీద రంగు నూలు ముక్కలు. ముందు కాగితం మీద ముగ్గులాంటి నమూనా గీసి, గీతల వెంట సూదితో చిల్లులు పొడుస్తారు. కాగితాన్ని గుడ్డ మీద పరిచి బొగ్గుపొడి రుద్దితే చుక్కలు దిగుతాయి. ఆ చుక్కల మీద పని నడుస్తుంది. ఒక అంగట్లో అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న పెద్దాయన్ని చాలాసేపు చూశాను. అరచేతంత పెద్ద కత్తెరతో గోరంత ఆకును కత్తిరించి, దాని అంచును సూదిమొనతో లోపలికి మడిచి, కుట్టు పైకి కనపడకుండా పట్టేస్తున్నాడు. చూపు ఎత్తకుండానే వేలు తర్వాతి చుక్క మీదికి వెళ్తోంది.

నేను అడిగి, గుడ్డను తిరగేశాను. వెనక కాన్వాసు మీద ప్రతి ఆకు, ప్రతి తీగ సన్నని కుట్ల వరసగా ఉంది. ఆయన నా ముఖం చూసి నవ్వాడు. నాదీ గుడ్డ పనేనని ఆయనకు అర్థమైంది. పక్క అంగడి గుమ్మానికి అవే నమూనాలు అచ్చు వేసిన గుడ్డ వేలాడుతోంది. రంజాన్ నెలలో కైరో వీధులను దానితో అలంకరిస్తారు. దాన్నీ తిరగేశాను. వెనక ఏమీ లేదు.

నవాగామ్‌వాణ్ణి కాబట్టి ఆ అచ్చు గుడ్డ ముందు నేను తలతిప్పుకోలేను. మా సాంచాల మీద దిగే గ్రే గుడ్డ పాండేసరా మిల్లుల్లో రంగు, అచ్చు వేయించుకుని చీరలై దేశమంతా వెళ్తుంది. పేదింటి ఆడపడుచు పండక్కి కొత్త చీర కట్టుకోగలుగుతోందంటే అందులో మావాళ్ల పన్నెండు గంటల షిఫ్టు ఉంది. అది గౌరవమైన కష్టం. అయితే మా పల్లెల్లో మగ్గాలు మూలపడటానికి మిల్లు గుడ్డ, సాంచా గుడ్డ కారణం. బతుకుతెరువు కోసం ఆ సాంచాల దగ్గరికే వచ్చాం. అందుకే ఖయామియా వీధిలో సూదిపనివాడి పక్కన నిలబడితే ఆయనదీ, సాంచా నడిపేవాడిదీ, ఇద్దరి కష్టమూ కనిపిస్తుంది. చవక గుడ్డను తిట్టి లాభం లేదు. సూదిపనికి తగిన ధర ఇచ్చే మనిషి కావాలి. యాత్రికుడు చేయగలిగిన మేలు అదే.

కాబట్టి పాత ఊరికి వెళ్లే ప్రతివాళ్లకూ నేను చెప్పేది ఇది. మీ చేతికి తెలిసిన పని ఏదో, ఆ పని జరిగే వీధి వెతుక్కోండి. వంటవాళ్లు రొట్టె కాల్చే బట్టీకి, కంచరివాళ్లు రాగి కొట్టే సందుకు వెళ్లండి. ఒకచోట కూర్చోండి. పని మొదటి నుంచి చివరి దాకా చూడండి. ఫొటో తీసే ముందు అడగండి. కొంటే బేరం కొంత వదులుకోండి. గోడలు, మినార్లు ఎప్పుడో కట్టినవి. చేతిపని మాత్రం రోజూ చేస్తేనే ఉంటుంది.

ఇదే కన్ను మన సూరత్ మీదా పడాలి. ఈ రెండు ఊళ్లనూ మక్కా దారి కలుపుతుంది. మక్కాలోని కాబాకు కప్పే కిస్వా అనే గుడ్డ 1962 దాకా కైరో నుంచి వెళ్లేది. ఆ మక్కాకు మొఘలుల కాలంలో మన యాత్రికులు ఓడ ఎక్కింది సూరత్ రేవులోనే. వాళ్లు దిగేందుకు 1644లో కట్టిన మొఘల్ సరాయి ఇప్పుడు మునిసిపల్ కార్పొరేషన్ కార్యాలయం. తాపీ ఒడ్డున 16వ శతాబ్దపు కోట ఉంది. నవాగామ్ నుంచి రెండూ సిటీ బస్సు దూరమే. ఇదే కార్పొరేషన్ తెలుగు బడులు కూడా నడుపుతోంది. ఆ బడుల పిల్లలను ఒకరోజు కోటకు, సరాయికి తీసుకెళ్లి, అదే రోజు వాళ్ల నాన్నలు పనిచేసే సాంచా కార్ఖానాకు కూడా తీసుకెళ్లాలి. ఈ రేవు ఊరి చరిత్రలో తమ ఇంటి కష్టానికీ చోటుందని ఆ పిల్లలకు పుస్తకం కన్నా ముందు కళ్లతో తెలియాలి.