శీర్షికకు తగిన చోటు

మస్కట్ పక్కనున్న మత్రా రేవులో ఉద్యోగాలు చేసుకొంటున్న తెలుగువారు కొందరు వెలువరించిన ఉగాది సంచిక మా తరగతికి అందినది. రచనలు మంచివి, అచ్చు స్పష్టముగా ఉన్నది. పుటకు రెండు కాలమ్‌లు. అయినా చదివేటప్పుడు పిల్లలు తడబడినారు. దోషము శీర్షికల చుట్టూ విడిచిన ఖాళీలో ఉన్నది. పైన ఎంత ఖాళీయో కిందా అంతే. కొన్ని చోట్ల కిందనే ఎక్కువ. ఆ శీర్షిక ముగిసిన భాగానికి తోకయో, రాబోయే దానికి తలయో తెలియదు.

ఇది అచ్చువారి పని, విమర్శకు తగునా అని పెద్దలు అడగవచ్చును. ఇంట తెలుగు విని పెరిగినవారు మాటను బట్టి అర్థము చేసుకొని సాగిపోగలరు. చెరకు తోటలకు వచ్చిన తాతముత్తాతల భాషను తరగతులలో కూడబలుక్కొని నేర్చిన మనము మాత్రము శీర్షికను పట్టుకొనియే లోపలికి పోతాము. గుమ్మము కనబడనివాడు ఇంటిలోనికి రాడు.

ఈ దోషము ఎట్లు వచ్చును? రెండు కాలమ్‌ల అడుగులు సమముగా ఉండవలెనని పట్టుబడితే, మిగిలిన ఖాళీని ఎక్కడో సర్దవలెను. సీసపు అక్షరాల కాలములో కంపోజిటరు సన్నని సీసపు పట్టీలు వేసి సర్దేవాడు. ఇప్పుడు ఆ పని కంప్యూటరుది; సాగదీయడానికి దానికి ముందు దొరికేది శీర్షికల దగ్గరి ఖాళీయే. డొనాల్డ్ నూత్ 1978లో వెలువరించిన టెక్ మీద లెస్లీ లాంపోర్ట్ నిర్మించిన లేటెక్‌ను చూడండి. దాని వ్యాస నమూనాలో ఇంగ్లీషు 'ఎక్స్' అక్షరపు ఎత్తు కొలతగా, పెద్ద శీర్షికకు పైన 3.5, కింద 2.3 వంతులు. అవసరమైతే పైది 1 వంతు సాగును, కిందిది 0.2 మాత్రమే. అనగా శీర్షిక తన వాక్యాలను విడిచి దూరము పోదు.

అయితే ఆ కొలత ఇంగ్లీషు అక్షరానిది. 'శీర్షిక' అనే మాటనే చూడండి: పైన గుడులు, కింద షకారపు ఒత్తు. మనకు ఇంకొంచెము చోటు కావలెను.

కనుక సంపాదకులకు మా మనవి: శీర్షికకు పైన ఎక్కువ, కింద తక్కువ ఖాళీని నియమించండి; దానిని సాగనీయకండి. కాలమ్‌ల అడుగులు ఒక వరుస హెచ్చుతగ్గులైనా ఫరవాలేదు. శీర్షిక కాలమ్ అడుగున ఒంటరిగా మిగిలితే తరువాతి కాలమ్‌కు పంపండి. మీ మత్రా బజారులో దుకాణపు పలకల మీద అరబ్బీ కుడినుండి, ఇంగ్లీషు ఎడమనుండి నడుస్తాయి. దేని చోటు దానికి ఉన్నందున ఎవరూ తికమకపడరు. మన తెలుగుకు కూడా ఆపాటి చోటు ఇవ్వండి. వచ్చే ఉగాది సంచికను మా పిల్లలు తడబడకుండా చదవగలరు.