చేతులు కట్టుకోవడం ఎవరి భాష?

ఆత్మకూరులో హాస్టళ్ళలో వుండి చదువుకునే మన పిల్లల గదుల్లో గ్రూప్స్ గైడ్ల పక్కన ఇంకోరకం పుస్తకాలు కనిపిస్తాయి. అవి 'బాడీ లాంగ్వేజ్' పుస్తకాలు. ఎదుటి మనిషి చేతులు, కళ్ళు, కూర్చున్న తీరు చూసి అతని మనసులో ఏముందో చెప్పేయొచ్చని ఇవి నేర్పుతాయి. వీటికి పెద్దన్న లాంటిది అలెన్ పీజ్ 1981లో తెచ్చిన పుస్తకం. చేతులు కట్టుకున్నవాడు తనకూ ఎదుటివాడికీ మధ్య అడ్డుగోడ కట్టుకున్నాడని ఈ పుస్తకాల వాదన. కళ్ళలోకి చూడనివాడు ఏదో దాస్తున్నాడని ఇంకో వాదన.

మాది ఉదయగిరి వైపు మెట్ట. మా పల్లెలో చేతులు కట్టుకోవడానికి ఈ అర్థం లేదు. నేను ఊళ్ళోకి పోతుంటే మా అమ్మ చెప్పి పంపేది: "రెడ్డోళ్ళ ముందర కళ్ళెత్తి చూడబాక. చేతులు కట్టుకోని నిలబడు." మా నాయన ఊరి వీధిలో అడుగుపెట్టే ముందు చెప్పులు విడిచి చేత్తో పట్టుకునేవాడు. భుజమ్మీది తుండుగుడ్డ చంకలోకి దిగేది. నడుం దానంతటదే వంగేది. ఆ నడుం చూసి మా నాయన మనసు చదవగలమా? అందులో చదవడానికి వున్నది ఊరి కట్టుబాటు ఒక్కటే. సాయంత్రం పల్లెలో వేపచెట్టు కింద ఆ మనిషే కాలు మీద కాలేసుకుని కూర్చుని, పొద్దున తనమీద కేకలేసిన ఆసామి నడకను నడిచి చూపించి అందర్నీ నవ్వించేవాడు. ఊళ్ళో ఒక శరీరం, పల్లెలో ఒక శరీరం. పుస్తకం రాసినాయన మొదటిదాన్నే చూశాడు, అదే మనిషి అనుకున్నాడు.

ఎమ్మే అయ్యాక నేనొక ఇంటర్వ్యూకి పోయాను. అడిగినవాటికి జవాబులు చెప్పాను. బోర్డులో ఒకాయన, "నీకు ఆత్మవిశ్వాసం తక్కువయ్యా, కళ్ళలోకి చూసి మాట్లాడటం లేదు" అన్నాడు. ఇరవై ఏళ్ళు దించమన్న కళ్ళను ఇరవై నిమిషాల్లో ఎత్తమంటే ఎట్టా? ఊళ్ళో కళ్ళెత్తితే పొగరు. బోర్డు ముందు దించితే చేతగానితనం. రెండుచోట్లా తీర్పు చెప్పేది వాళ్ళే.

ఈ పుస్తకాల కంటే మన ఊళ్ళ తెలుగే నయం, వున్నదున్నట్టు చెబుతుంది. కాలు మీద కాలేసుకుంటే వాళ్ళకది దర్జా, మనకైతే పొగరు. మీసం మెలేస్తే వాళ్ళది పౌరుషం, మనది బలుపు. "కళ్ళు నెత్తికెక్కినాయి", "ఒళ్ళు బలిసింది", "ఎగిరెగిరి పడతన్నాడు" — ఈ మాటలన్నీ ఒంటి గురించినవే, అన్నీ పైనుంచి కిందికి విసిరేవే. కదలిక ఒకటే, దాని అర్థాన్ని కులం నిర్ణయిస్తున్నది.

ఆ అర్థానికి ప్రాణాలు పోయిన సందర్భాలు మనకు తెలుసు. 1985 జులైలో, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, మంచినీళ్ళ చెరువు దగ్గర తనను కొట్టబోతే మున్నంగి సువార్త చేతిలోని బిందె ఎత్తింది. దెబ్బ కాచుకోవడానికి ఎత్తిన చేతిని తిరుగుబాటుగా చదివారు. మర్నాడు, జులై 17న, జరిగిన దాడిలో ఆరుగురిని చంపారు. 1991లో, అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో, సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు తగలడంతో గొడవ మొదలైంది. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. తగిలిన కాలు చదువుకున్న దళితుడిది కాబట్టే దానికి అంత అర్థం వచ్చింది.

పోనీ, ఈ విద్య శాస్త్రమేనా? మాటల్లో 7 శాతం, గొంతులో 38, ముఖంలో 55 శాతం అర్థం వుంటుందని ట్రైనింగు క్లాసుల్లో చెబుతారు. ఆ లెక్క ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో విడివిడి మాటలు, ముఖాల ఫోటోలతో చేసిన ప్రయోగాలది. ఇష్టాయిష్టాలు తెలిపే సందర్భాలకు తప్ప అది వర్తించదని ఆయనే చెప్పుకున్నాడు. 2006లో బాండ్, డిపాలో అనే ఇద్దరు అప్పటిదాకా జరిగిన పరిశోధనల్ని పోగుచేసి చూస్తే, అబద్ధాన్ని జనం పట్టుకోగలిగింది నూటికి 54 సార్లు. బొమ్మాబొరుసూ వేసినా 50 వస్తుంది.

హాస్టలు పిల్లలకు ఉద్యోగం రాకపోవడంతో ఇది ఆగిపోదు. సాక్షి చెబుతున్నప్పుడు అతని తీరు ఎట్లా వుందో జడ్జి రాసుకోవచ్చని 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 280వ సెక్షన్ చెప్పింది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టమూ దాన్ని వుంచింది. అట్రాసిటీ కేసులో మన కూలిమనిషి బోనెక్కుతుంది. ఎదురుగా తనను కొట్టినవాళ్ళు. ఆమె తల దించుకుంటుంది, మాట తడబడుతుంది. దాన్ని అబద్ధమని రాసుకుంటారా, భయమని రాసుకుంటారా? చుండూరు బాధితులు ప్రత్యేక కోర్టు తమ వూళ్ళోనే పెట్టాలని పట్టుబట్టి సాధించుకున్నారు. సాక్షి ఎక్కడ నిలబడి చెబుతున్నాడన్నది వాళ్ళకు తెలిసినంతగా ఈ పుస్తకాలకు తెలియదు. 2007లో అక్కడ పడిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది, అది వేరే చర్చ.

మన తప్పూ మనం చూసుకోవాలి. ఊళ్ళో వంగిన మా నాయన ఇంటికొస్తే మా అమ్మ మంచం మీంచి లేచి నిలబడాల్సిందే. ఆమె లేవడాన్ని మనం 'గౌరవం' అని చదువుకున్నాం, రెడ్డి మన వంగడాన్ని చదువుకున్నట్టే. ఆ చదువు తప్పని చూపించింది మన మెట్ట ఆడవాళ్ళే. ఉదయగిరికి తూర్పున కలిగిరి మండలం దూబగుంటలో, అక్షరాస్యతా ఉద్యమంలో చదువు మొదలుపెట్టిన కూలి ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. 1992 నాటికి జిల్లా అంతటా ఆడవాళ్ళు చీపుళ్ళూ కారప్పొడీ పట్టుకుని సారా కొట్ల ముందు నిలబడ్డారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అంతకు ముందురోజు దాకా ఆ నడుములు వంగి వుండటం చూసి, వీళ్ళు ఒప్పుకునే బతుకుతున్నారని అనుకున్నవాళ్ళు ఎంతమందో!

కాబట్టి ఆత్మకూరు తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నేను చెప్పేదొకటే. ఇంటర్వ్యూ కోసం కళ్ళెత్తడం నేర్చుకోండి, తప్పులేదు. అయితే దించిన కళ్ళు మీ బలహీనత అని మాత్రం నమ్మబాకండి. పరిశోధకులు, టీచర్లు చేయాల్సిన పని ఇంకా వుంది. ఎవరి ముందు ఏ ఒళ్ళు ఎట్లా వంగుతున్నదో, ఎక్కడ నిటారవుతున్నదో పల్లె పల్లెకూ పోయి రాయాలి. ముందుగా ఎవరి ఇంట్లో వాళ్ళు మొదలుపెట్టాలి.